నిద్రబల్లి మోసిన అలుపు

పొద్దున్నే చేసే పనుల్లో వెర్నాకి అన్నిటికన్నా పెద్దది మొగుణ్ణి నిలబెట్టడం. క్లెమ్ ఆరడుగుల మనిషి. ఒకప్పుడు యల్పారా స్టేషను పక్కన గోధుమ గోదాముల్లో బస్తాలు మోసినవాడు. పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయాక, మోసిన బస్తాలన్నిటి బరువూ తనే అయి వెర్నా ఎడమ భుజం మీద వాలుతున్నాడు. ఆమె అతని కుడి చంక కింద భుజం దూర్చి, పాదానికి పాదం అడ్డం పెట్టి లేపుతుంది. స్నానాలగదికి నడిపించి, గడ్డం గీసి, ఓట్స్ జావ తినిపించి, రేడియో పక్కన కుర్చీలో కూర్చోబెడుతుంది. అప్పుడప్పుడూ వచ్చి చూస్తూండమని పక్కింటి కీత్‌కి కిటికీలోంచి చెయ్యూపి, స్కూలు బస్సు తాళాలు తీసుకుంటుంది. అప్పటికి ఊళ్ళో చాలామంది ఇంకా పక్క దిగి ఉండరు.

"ఇవాళ నన్ను కూడా బస్సెక్కించెయ్," అంటాడు క్లెమ్, వంకరపోయిన నోటితోనే. "స్కూల్లో దింపేసి రా. లెక్కలు ఎలాగూ రావు నాకు."

"నిన్నెక్కిస్తే బస్సు కదలదు," అంటుంది వెర్నా.

రోజూ ఇదే హాస్యం. ఇదివరకు ఇద్దరూ నవ్వేవారు. ఈ మధ్య క్లెమ్ ఒక్కడే నవ్వుతున్నాడు.

ఆ ఇంట్లో నిద్రబల్లి లేక ఏడాది కావస్తోంది. అదీ అసలు సంగతి. యల్పారా చుట్టుపక్కల ఇంటికొక నిద్రబల్లి ఉంటుంది, వాననీళ్ళ ట్యాంకు కిందో, పొయ్యికని పేర్చిన మొద్దుల సందులోనో. మూరెడు పొడుగు, పొట్టి కాళ్ళు, వీపంతా పెచ్చులు పెచ్చులుగా పొలుసులు. తలా తోకా ఒకేలా మొద్దుగా ఉంటాయి కాబట్టి కొత్తవాళ్ళు చాలామంది తోకని పలకరిస్తారు. కోపం వస్తే నోరు తెరిచి నీలం నాలుక బయట పెడుతుంది. ఎండ కాస్త ముదిరాక మెల్లగా వచ్చి, ఇంట్లో ఎవరు బాగా అలిసిపోయారో వాళ్ళ పాదాల మీద పడుకుంటుంది. కాసేపటికి ఆ మనిషి అలుపంతా దాని ఒంట్లోకి దిగుతుంది. మనిషి లేచి గొర్రెల్ని చూసుకోవడానికి పోతాడు. బల్లి మాత్రం ఇంకాస్త బరువెక్కి, ఇంకాస్త నెమ్మదిగా తన చోటికి ఈడ్చుకుంటూ పోతుంది. అవి అంత మందకొడిగా నడిచేది అందుకే.

వసంతం రాగానే ప్రతి ఇంటి బల్లికీ జత వస్తుంది. ఏటేటా అదే జత. ఆ రెండోదానికి ఇల్లూ వాకిలీ ఉండవు, పొలాల్లో తిరుగుతుంటుంది. ఒంట్లో బోలెడు చోటు ఉంటుంది. కొన్ని వారాలు రెండూ ఒకదాని వెనక ఒకటి తిరిగి, ఇంటి బల్లి ఏడాదంతా మోసింది సగం సగం పంచుకుంటాయి. అలా దించుకుంటేనే ఇంటి బల్లికి మళ్ళీ కొత్త అలుపు పడుతుంది. వారానికోసారి యల్పారా వచ్చే డాక్టరు కూడా, ఆకలి ఎలా ఉంది, నిద్ర ఎలా ఉంది, బల్లి ఎలా ఉంది అని వరసగా అడుగుతాడు.

వెర్నా బల్లి కిందటి వేసవిలో పోయింది. క్లెమ్ కోసం ఆసుపత్రివాళ్ళు మరతో లేచే మంచం ఒకటి పంపారు. దాన్ని తెచ్చిన లారీ, మంచం దింపాక పెరట్లో వెనక్కి వస్తూ, చక్రం నీడన పడుకున్న బల్లి మీదుగా పోయింది. డ్రైవరు టోపీ తీసి చాలాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. మర రెండు నెలలకే పాడయింది. మంచం ఇప్పుడు మామూలు మంచంలాగే ఉంది, కాకపోతే ఎత్తు ఎక్కువ. ఈ సెప్టెంబరులో, అక్కడ వసంతం మొదలవగానే, చచ్చిన బల్లి జత వచ్చింది. పెరటంతా తిరిగి, అది చచ్చిన చోటే కొన్నాళ్ళు కూర్చుని, ఒకరోజు కనపడకుండా పోయింది. వెర్నా దానికి అరటిపండు ముక్కలు పెట్టింది. ముట్టలేదు.

అక్టోబరులో ఒక పొద్దున, బస్సు నిండా పిల్లలున్నప్పుడు, వెర్నా నిద్రపోయింది.

ట్రేగర్ల పొలం దగ్గరి మలుపు దాటాక తిన్నగా పోయే రోడ్డు అది. కళ్ళు ఎప్పుడు మూతపడ్డాయో తెలియలేదు. చక్రాల కింద కంకర బరబరమంటే తెరిచింది. బస్సు రోడ్డు దిగి కంచె పక్కన పోతోంది. స్టీరింగు మెల్లగా తిప్పి మళ్ళీ రోడ్డెక్కించింది. వెనక పిల్లలు ఈలలేస్తున్నారు.

"ఇంకోసారి, వెర్నా ఆంటీ, ఇంకోసారి," అంది ట్రేగర్ల టిల్లీ.

"కంగారూ అడ్డొచ్చింది," అంది వెర్నా.

"ఎక్కడ? మేం చూళ్ళేదే."

"మీరు చూసేదాకా ఆగుతుందా అది. కూర్చోండి బుద్ధిగా."

పిల్లల్ని దింపేసి, బస్సు తలుపు మూసి, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. ఎవరికి చెప్పాలి? చెబితే బస్సు తీసుకుంటారు, తీసుకోవాలి కూడా. బస్సు పోతే ఇల్లు గడవదు. ఇల్లు గడవకపోతే నది పక్క ఊళ్ళో మంచాన పడ్డవాళ్ళని చూసుకునే ఆశ్రమానికి క్లెమ్‌ని పంపాలి. ఆరోగ్య శాఖ అమ్మాయి ఏడాదిగా అదే చెబుతోంది, చాలా మంచిగా చెబుతోంది. క్లెమ్ ఒక్కసారే మాట్లాడాడు దాని గురించి. "పంపితే పోతాను వెర్నా. పోయి గోడ వైపు తిరిగి పడుకుంటాను, అంతే," అన్నాడు. అంచేత వెర్నా ఎవరికీ చెప్పలేదు. మర్నాటి నుంచి బస్సు నడుపుతూ లోపలి బుగ్గ కొరుక్కోవడం అలవాటు చేసుకుంది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం, పిల్లలందర్నీ ఇళ్ళ దగ్గర దింపేసి ఖాళీ బస్సుతో తిరిగొస్తుంటే, అదే మలుపు దగ్గర రోడ్డు మధ్యలో నిద్రబల్లి కనపడింది. ఎండుగడ్డి లారీలు తిరిగే రోజులు. వెర్నా బస్సు ఆపి దిగింది. ఆ ప్రాంతంలో ఎవరైనా ఆపుతారు, అంబులెన్సు కూడా ఆపుతుంది. రెండు చేతులతో ఎత్తి, తల ఎటుంటే అటు పక్కకి దాటించి, మళ్ళీ బండెక్కుతారు. వెనక్కి తిప్పకూడదు, ఇంటికి పట్టుకుపోకూడదు. వసంతంలో రోడ్డు దాటే బల్లి ఎవరో ఒకరి ఇంటికి వెళ్తూ ఉంటుంది.

దాని తల ట్రేగర్ల గేటు వైపు ఉంది. ఎత్తితే పొట్ట వెచ్చగా, తేలిగ్గా ఉంది, ఏ బరువూ ఎక్కని బల్లి. నాలుగడుగులు వేసి గేటు పక్క గడ్డిలో వదిలేస్తే సరిపోయేది. వెర్నా అక్కడే నిలబడిపోయింది. దూరంగా లారీ చప్పుడు వినపడింది. అప్పుడామె బల్లిని పట్టుకునే బస్సెక్కి, పిల్లలు మర్చిపోయిన స్వెట్టర్లు వేసే డబ్బాలో దాన్ని పెట్టి, మూత సగం మూసి, ఇంటికి తోలింది.

ట్యాంకు చుట్టూ రేకు ముక్కలు పాతి అందులో వదిలింది. క్లెమ్ కిటికీలోంచి చూశాడు.

"ఎక్కడిది?"

"దొరికింది."

"ఎటు పోతూ దొరికింది?"

"టీ తాగుతావా?" అంది వెర్నా.

నలభై ఏళ్ళ కాపురంలో ఏ ప్రశ్న ఎక్కడ ఆపాలో క్లెమ్‌కి తెలుసు.

రెండు రోజులు ఆ బల్లి రేకుల వెంట తిరిగింది, వెర్నా కనపడితే చాలు నీలం నాలుక చాపింది. మూడోనాడు, పోయే దారి లేదని తెలుసుకుందో ఏమో, వచ్చి ఆమె పాదాల మీద పడుకుంది. వెర్నా మెట్టు మీద కూర్చుని కళ్ళు మూసుకుంది. ముందు పిక్కల్లోంచి దిగింది, తర్వాత నడుములోంచి, అన్నిటికన్నా ఆఖరున భుజంలోంచి. దిగుతుంటే ఏడుపొచ్చింది. ఇంత మోస్తూ తిరిగానా అనుకుంది. ఆ రాత్రి పక్కకి కూడా దొర్లకుండా నిద్రపోయింది.

తర్వాతి రోజులు బాగా గడిచాయి. వెర్నా బుగ్గ కొరుక్కోవడం మానేసింది. చక్కెరా వెన్నా పిండీ కలిపి పైన పొడిగా చల్లే జర్మన్ కేకు చేసింది, పాతిక మంది తిన్నా మిగిలేంత. కీత్‌కి పంపింది. "నిన్నెక్కిస్తే బస్సు కదలదు," అని తనే నవ్వింది. క్లెమ్ మాత్రం ఆమెని ఓరగా చూస్తూ, నవ్వీ నవ్వనట్టు నవ్వాడు.

ట్రేగర్ల గేటు దగ్గర టిల్లీని ఎక్కించేది వాళ్ళ అమ్మమ్మ ఏవిస్. ఏవిస్‌కి మొగుడు పోయాడు, కూతురు ఎక్కడో గనుల దగ్గర వంటపని చేస్తోంది, గొర్రెలూ పిల్లా ఈమె పాలిట పడ్డాయి. చిన్నప్పుడు ఏవిస్, వెర్నా ఒకే చర్చిలో ఒకే పాటల జట్టు. తర్వాత పెద్దగా మాట్లాడుకున్నది లేదు. ఏవిస్ ప్రతి పొద్దునా మగవాళ్ళ టోపీ పెట్టుకుని, గేటు మీద ఒక కాలేసి నిలబడి, బస్సు ఆలస్యమైతే వాచీ లేని చెయ్యి చూపించేది.

బల్లిని తెచ్చిన కొన్నాళ్ళకి ఒక పొద్దున ఏవిస్ టోపీ లేకుండా వచ్చింది. మరో రోజు గేటు ఎక్కకుండా దానికి ఆనుకుని నిలబడింది. ఇంకోరోజు పడక గౌను మీదే వచ్చింది.

"ఒంట్లో బాగోలేదా?" అంది వెర్నా, బస్సు దిగకుండానే.

"ఏం రోగం లేదు. మా బల్లి ఇంట్లో ఉండటంలేదు," అంది ఏవిస్. గడ్డం ఎత్తి రోడ్డు వైపు చూపించింది. రోడ్డు అంచున, గడ్డిలో, లావుపాటి నిద్రబల్లి ఒకటి మలుపుకేసి చూస్తూ కూర్చుని ఉంది. "దాని జత రాలేదు ఈ ఏడు. ఒళ్ళంతా నిండిపోయి ఉంది, చుక్క పట్టదు. ఎత్తుకుని ఇంట్లో పెడితే మళ్ళీ ఇక్కడికే పాక్కుంటూ వస్తోంది. ఏ లారీ కిందో పడి ఉంటుంది రెండోది."

"పడి ఉండొచ్చు," అంది వెర్నా.

"దానికి ఎలా చెప్పను?"

వెర్నా తలుపు మీట లాగింది. అద్దంలో ఏవిస్ గేటుకి గడియ పెట్టలేక, ఒక చేత్తో రెండో చేతిని ఎత్తి పట్టుకుని పెట్టడం కనపడింది. ఆ రోజంతా వెర్నాకి తిండి సయించలేదు. రెండు రోజులు గడిపింది, బల్లి వచ్చి పాదాల మీద పడుకుంటే తీసెయ్యలేదు. అదే ఆమెని ఎక్కువ బాధపెట్టింది, తీసెయ్యలేకపోవడం. తను దించుకున్న ప్రతి బరువూ మలుపు దగ్గర ఆ ఆడమనిషి చేతిలో కనపడుతోంది.

మూడోనాడు టిల్లీ ఒక్కతే గేటు దగ్గర నిలబడి ఉంది, జుట్టు దువ్వకుండా.

"అమ్మమ్మ ఏదీ?"

"లేవలేదు. గొర్రెలు అరుస్తున్నాయి," అంది టిల్లీ.

ఆ మధ్యాహ్నం వెర్నా రేకులు పీకి, బల్లిని రెండు చేతులా ఎత్తింది. తేలిగ్గా తెచ్చిన బల్లి ఇప్పుడు గుండ్రాయిలా ఉంది.

"తీసుకెళ్ళు," అన్నాడు క్లెమ్ కిటికీలోంచి. "నేనేదో ఒకటి చూసుకుంటాను."

"ఏం చూసుకుంటావ్ నువ్వు," అంది వెర్నా, కోపంగా కాదు.

మలుపు దగ్గర బస్సు ఆపి, ఏవిస్ బల్లి ముందు దాన్ని దింపింది. రెండూ ఒకదాని తల ఒకటి నాలుకతో తాకాయి. ఎటూ తొందరలేనట్టు లేచి, ఒకదాని వెనక ఒకటి గేటు కింద నుంచి ఇంటివైపు పోయాయి. చూసినవాళ్ళెవరూ లేరు. వెర్నా బస్సెక్కేసరికే భుజం గుర్తుకు రావడం మొదలుపెట్టింది.

రెండు రోజుల తర్వాత, ఆదివారం చర్చి అయ్యాక, ఏవిస్ పాత ట్రక్కు వెర్నా పెరట్లోకి వచ్చి ఆగింది. టోపీ మళ్ళీ నెత్తి మీదికి వచ్చింది. వెర్నా మెట్టు మీద ఉల్లిపాయలు తరుగుతోంది. లేవబోయింది. ఏవిస్ కూర్చోమన్నట్టు చెయ్యి ఊపి, పక్కనే చతికిలబడి, పాతిన రేకుల గుర్తులకేసి కాసేపు చూసింది.

"నువ్వే కదూ?"

"నేనే," అంది వెర్నా.

"అడగొచ్చు కదా."

"అడిగితే ఇచ్చేదానివా?"

"ఇచ్చేదాన్ని కాదు," అంది ఏవిస్. "అడిగితే తిట్టేదాన్ని. అదైనా ఉండేది."

వెర్నా కత్తి కింద పెట్టింది. ఉల్లిపాయలకి కళ్ళల్లో నీళ్ళు కారుతున్నాయని అనుకుంటే అనుకోవచ్చు.

"నువ్వు తెచ్చి వదిలింది నిండుగా వచ్చింది," అంది ఏవిస్. "మాదేమో ముందే నిండి ఉంది. రెండూ కలిసి పంచుకుంటే ఇక ఎక్కడ పడుతుంది? నిన్న నా కాళ్ళ మీద పడుకుంది మాది. నాది తీసుకుంటుందనుకుంటే అది పొంగి నీది నా ఒంట్లోకి వచ్చింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉంది, చీకటి పడ్డాక రెండూ సర్దుకున్నాయో ఏమో, నాదీ నీదీ కాస్త దిగింది. నీదని నాకేం తెలుసు? ఈ ఎడమ భుజం మీద ఎవడో పెద్ద మనిషి వాలిపోతున్నాడు. మొగుడు పోయి ఆరేళ్ళయింది, ఇంట్లో మగవాసన లేదు, ఎవడ్రా వీడు అనుకున్నాను."

లోపల్నుంచి క్లెమ్ దగ్గినట్టు నవ్వాడు.

"నువ్వు వినకు," అంది ఏవిస్ తలుపువైపు. తర్వాత గొంతు తగ్గించింది. "గడ్డం గీసేటప్పుడు వంగే నడుము. దుప్పట్లు పిండే వేళ్ళు. అన్నీ వచ్చాయి వెర్నా. ఒక్కొక్కటీ వచ్చి, ఇదిగో నేను అని చెప్పి, కూర్చుంది. ఇంత ఉందని నాకు తెలీదు. ఎవరికీ తెలీదు."

ఏవిస్ టోపీ తీసి మోకాళ్ళ మీద పెట్టుకుంది.

"ఇంకోటి కూడా వచ్చింది. స్టీరింగు పట్టుకుని ఉండగా కళ్ళు మూతపడటం. చక్రాల కింద కంకర చప్పుడు."

టిల్లీ ఆ రోజు మూడో సీట్లో కూర్చుని ఉంది, ఎరుపు రిబ్బను కట్టుకుని.

"ఒక్కసారే," అంది. "నిజంగా ఒక్కసారే, ఏవిస్."

"తెలుసు ఎన్నిసార్లో. నా కళ్ళే కదా మూతపడ్డాయి." ఏవిస్ లేచి నిలబడింది. మొహంలో ఏమీ తెలియడం లేదు. "మా ఇంట్లో మిగిలింది ఆ పిల్ల ఒక్కతే. రేపు గేటు దగ్గర బస్సు ఆపు. వెళ్ళిపోకు."

ట్రక్కు వెళ్ళిపోయాక క్లెమ్, వెర్నా చాలాసేపు వంటగదిలో కూర్చున్నారు. "బస్సు పోయినట్టే," అంది వెర్నా. క్లెమ్ బాగున్న చేత్తో ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఆ ఆశ్రమంలో కిటికీలోంచి నది కనపడుతుందట," అన్నాడు. అంత మంచి మాట అతను ఆ ఆశ్రమం గురించి ఎప్పుడూ అనలేదు, అందుకే వెర్నాకి అది వినడం కష్టమైంది.

సోమవారం పొద్దున ట్రేగర్ల గేటు దగ్గర టిల్లీ, ఏవిస్ ఇద్దరూ నిలబడి ఉన్నారు. వెర్నా తలుపు తెరిచింది. టిల్లీ ఎక్కి వెనక్కి పోయింది. ఏవిస్ కూడా ఎక్కింది.

"లే," అంది.

వెర్నా సీటు బెల్టు విప్పి తాళాలు తియ్యబోయింది.

"తాళాలు ఉండనీ. పాతికేళ్ళు గోధుమ లారీలు తోలాను, ఇది నాకు లెక్కా. నువ్వు వెనక్కి పో."

"హెడ్మాస్టరుకి చెప్పావా?"

"చెప్పాను. సోమ, బుధ, శుక్రవారాలు నేను తోలతాను, జీతం వెర్నాదే, అన్నాను. నీకెందుకమ్మా అన్నాడు. ఇంట్లో తోచడంలేదన్నాను. గొర్రెలున్నవాళ్ళకి తోచకపోవడం కూడా ఉంటుందా అని నవ్వాడు. నవ్వుకోనీ."

"నాకు ఊరికే చెయ్యకు, ఏవిస్."

"ఊరికేనా? నా మనవరాలు ఉంది ఇందులో." ఏవిస్ సీటు ముందుకి లాక్కుంది. "మంగళ, గురువారాలు నువ్వు తోలతావుగా. ఆ రోజులకి నిద్ర మిగుల్చుకో. నీ ఇంటికి బల్లి వస్తుందో రాదో, అది దాని ఇష్టం. ఇది నా ఇష్టం. పో."

వెర్నా సీట్ల మధ్య నడుచుకుంటూ పోయింది. పిల్లల సీట్లు ఆమెకి చాలా ఇరుగ్గా ఉన్నాయి. కిటికీ పక్కన కూర్చుంది. బస్సు కదిలింది, కుదుపు లేకుండా, గేరు మారింది కూడా తెలియకుండా. తను ఎప్పుడూ చూడని పక్క నుంచి రోడ్డు పోతోంది. ఎండుగడ్డి కోసిన పొలాలు, కంచెలు, మళ్ళీ పొలాలు. పిల్లల్లో ఎవడో ఏదో గట్టిగా అన్నాడు, ఎవరో వాణ్ణి ఊరుకోమన్నారు. కంకర చప్పుడు వినపడుతుందేమోనని చెవి అటే పెట్టుకుని ఉంది వెర్నా. వినపడలేదు. వినపడని ఆ చప్పుడు కోసం కాచుకుంటూనే తల అద్దానికి ఆనించింది.

స్కూలు గేటు దగ్గర పిల్లలు బూట్ల చప్పుడు కాకుండా దిగుతున్నారని ఆమెకి లీలగా తెలుస్తూనే ఉంది. ఎవరో బస్సెక్కారు. హెడ్మాస్టరు గొంతు.

"వెర్నాకి ఏమైంది? ఒంట్లో బాగోలేదా?"

వెర్నాకి అది వినపడింది. లేచి, జుట్టు సర్దుకుని, ఏదో ఒకటి చెప్పాలి. కంగారూ అడ్డొచ్చిందనో, తలనొప్పి అనో.

"నిద్రపోతోంది," అంది ఏవిస్ గొంతు. "బాగా అలిసిపోయింది."

"సరే, పడుకోనివ్వండి," అన్నాడు హెడ్మాస్టరు. బస్సు దిగి, తలుపు రెండు చేతులతో నెమ్మదిగా మూశాడు. ఏవిస్ బస్సు వెనక్కి తిప్పింది. వెర్నా లేవలేదు.